పిన్నిగారి కోళ్ళగూడు: పుంజు ఎగిరి తంతోంది, ఏం చేయమంటారు?

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో పెట్టల సంగతి రాసినవాళ్ళు ఇద్దరే. మిగతావన్నీ పుంజు మీద ఫిర్యాదులే. అదేమిటో, పెట్ట గురించి రాసేవాళ్ళు గుడ్ల లెక్క రాసి ఊరుకుంటారు. పుంజు గురించి రాసేవాళ్ళు మాత్రం ఆడపడుచు మీద చాడీ చెబుతున్నట్టు పేజీలకు పేజీలు రాస్తారు. చదవడానికి నాకూ సరదాగానే ఉంటుందనుకోండి.

కొత్తగా చదివేవాళ్ళకి ఒక్క మాట. మాది గుంటూరు, స్తంభాలగరువు. ఇంటి వెనక ఉన్న కాస్త జాగాలో 11 పెట్టలు, ఒక పుంజు. పుంజు పేరు దొరబాబు. మా ఆయన పశువుల ఆసుపత్రిలో కాంపౌండరుగా చేసి రిటైరయ్యారు. గాయాలూ మందుల సంగతి ఆయన్ని అడిగి రాస్తాను. మిగతాది నా అనుభవం.

ప్రశ్న: పిన్నిగారూ, మాది పోరంకి. పెరట్లో 7 పెట్టలు, ఒక పుంజు. పుంజుని ఒక రోజు పిల్లగా ఉన్నప్పుడు తెచ్చాం. మా పాపే చేతుల్లో పెంచింది. భుజం మీద కూర్చునేది, పిలిస్తే వచ్చేది. ఇప్పుడు దానికి 8 నెలలు. రెండు వారాలుగా పాప పెరట్లో అడుగు పెడితే చాలు, ఎగిరి తంతోంది. మొన్న మోకాలి కింద చీరేసింది. నా జోలికి అంతగా రాదు, మావారిని చూస్తే తప్పుకుంటుంది. అంత ప్రేమగా పెరిగింది ఇలా పగ పట్టిందేమిటి? కోసేద్దామని మావారంటే పాప అన్నం మానేసి ఏడుస్తోంది. కుక్కకాటుకి వేసే ఇంజెక్షన్ కూడా వేయించాలా?
(ఒక గృహిణి, పోరంకి, విజయవాడ)

జవాబు: ముందు గాయం సంగతి చూద్దాం అమ్మాయ్. పుంజు గోళ్ళకీ, కాలి వెనక ముల్లుకీ ఎప్పుడూ పెంట, మట్టి అంటుకునే ఉంటాయి. కుళాయి కింద సబ్బుతో బాగా కడుగు. టీటీ ఇంజెక్షన్ ఆఖరుసారి ఎప్పుడు వేయించారో చూసుకుని డాక్టరుకి చూపించు. కుక్కకాటు ఇంజెక్షన్ అక్కర్లేదు. రేబిస్ పాలిచ్చే జంతువుల జబ్బు, కోళ్ళ నుంచి రాదు. దెబ్బ కంటి దగ్గర తగిలితే మాత్రం అది చిన్న గీతే అయినా ఆ పూటే కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

ఇక పగా గిగా ఏమీ లేదు. అయిదారు నెలలు దాటాక పుంజుకి వయసు పొంగు మొదలవుతుంది. ఏడాది నిండేదాకా ఆ ఉడుకు తగ్గదు. ఇంట్లో పదో తరగతి కుర్రాడు ఉన్నట్టుండి గొంతు మారిపోయి తలుపులు దడేలుమని వేయడం లేదూ, అలాంటిదే ఇదీ. దానికి తోడు మీరు దాన్ని చేతుల్లో పెంచారు. పెట్ట రెక్కల కింద పెరిగిన పిల్ల మనిషి కనబడితే ఏదో పెద్ద జంతువు వస్తోందని పక్కకి జరుగుతుంది. అరచేతిలో పెరిగినదానికి ఆ జంకు ఉండదు. అది మీ పాపని తన గుంపులో ఇంకో కోడి అనుకుంటోంది. పెద్దయ్యాక ఆ గుంపులో తన పెద్దరికం తేల్చుకోవాలి కదా. అందరిలోకీ పొట్టిగా ఉన్నవాళ్ళతో మొదలుపెట్టింది. మీవారితో ఎందుకు మొదలుపెట్టలేదో ఇప్పుడు తెలిసిందా?

సరే, ఏం చేయాలో చెప్పేముందు మా ఇంట్లో జరిగింది చెబుతాను. రెండేళ్ళ కిందట దొరబాబు గ్యాస్ సిలిండర్ తెచ్చే అబ్బాయి మీద పడేవాడు. పాపం ఆ అబ్బాయి గేటు బయటే నిలబడి "అమ్మగారూ, ముందు మీ కోడిని కట్టేయండి" అని కేకేసేవాడు. పాలాయన వస్తే దొరబాబు ఏమీ అనడు. కొరియర్ వాళ్ళొచ్చినా ఏమీ అనడు. ఖాకీ చొక్కా అంటే గిట్టదేమో అని మా ఆయన తేల్చేశారు. నాకు ఆ మాట నచ్చలేదు. సిలిండర్ వస్తోందని ఫోనుకి మెసేజ్ వచ్చిన రోజు వేరుశనక్కాయలు ఒలుస్తూ వంటింటి కిటికీ దగ్గర కూర్చున్నా.

అబ్బాయి గేటు తీశాడు. దొరబాబు తలెత్తి చూసి మళ్ళీ మట్టి గీరుకోవడంలో పడ్డాడు. అబ్బాయి సిలిండర్ దించి, అంచు మీదికి వంచి, గచ్చు మీద గరగరా దొర్లించాడు. గేటు పక్కన ఒక పాత బకెట్ ఉండేది. అందులో కూర్చుని గుడ్డు పెడుతున్న పెట్ట ఆ చప్పుడుకి బెదిరి కెవ్వుమంటూ బయటికి దూకింది. వాడి మెడ ఈకలు లేచింది అప్పుడు. గొడుగు విప్పినట్టు చుట్టూ విచ్చుకున్నాయి. ఒక రెక్క నేలకి రాస్తూ పక్కవాటుగా రెండడుగులు వేశాడు. ఆగి, గింజ కూడా లేని చోట నేలని రెండుసార్లు పొడిచాడు. ఆ తర్వాతే ఎగిరాడు. వాడి లెక్కలో ఆ అబ్బాయి పెట్టని ఏదో చేశాడన్నమాట. మర్నాడే బకెట్ తీసి గూడు వెనక పెట్టా. ఇప్పుడు ఆ అబ్బాయి "ఏం దొరా" అంటూ లోపలికొస్తాడు.

కాబట్టి మీ పుంజు దూకేముందు ఏం జరుగుతోందో చూడు. మూడు రోజులు కిటికీలోంచి చూస్తే చాలు. పాప స్కూలు నుంచి రాగానే పెరట్లోకి పరిగెత్తుతుందా? వంగి గుడ్లు తీస్తుందా? దాణా గిన్నె చేతిలో ఉంటుందా? పెట్టని ఎత్తుకుంటుందా? నా అనుమానం పెట్టని ఎత్తుకోవడం మీదే. ఎత్తుకున్న పెట్ట గింజుకుని అరిస్తే ఎంత మంచి పుంజైనా ఊరుకోదు.

ఇప్పుడు నువ్వు చేయాల్సింది. గుమ్మం పక్కన ఒక చేట పెట్టుకో. అది కొట్టడానికి కాదు. కొట్టినా, తన్నినా పుంజుకి అది పందెమే. ఇవాళ ఓడితే రేపు ఇంకాస్త కసిగా వస్తుంది. వెనక్కి తిరిగి పరిగెత్తావంటే గెలిచాననుకుంటుంది. రెండూ వద్దు. అది మెడ ఈకలు విప్పి వచ్చినప్పుడు చేటని మోకాళ్ళ ముందు అడ్డుపెట్టి కదలకుండా నిలబడు. ఎగిరి చేటని తన్నుకోనీ. ఆగాక నెమ్మదిగా దానివైపే ఒక్కో అడుగు వెయ్యి. అది పక్కకి జరిగి, చూపు తిప్పి, ఏదో ఏరుకోవడం మొదలుపెట్టిందంటే ఆ పూటకి అయిపోయినట్టే. అక్కడితో ఆపెయ్యి. తరుముతూ వెంటపడకు. దాణా ఎప్పుడూ అది నీకు దారిచ్చిన తర్వాతే వెయ్యి.

ఇంకొకటి, సాయంత్రం గూటికెక్కాక దాన్ని పట్టుకో. రెక్కలు ఒంటికి అదిమి, కాళ్ళు ఒక చేత్తో పట్టుకుని, చంకలో పెట్టుకుని ఒక పది నిమిషాలు నీ పని నువ్వు చేసుకో. నేను దొరబాబుని అలా చంకలో పెట్టుకుని తులసికోట చుట్టూ తిరుగుతుంటే పక్కింటావిడ ఏదో మొక్కు అనుకుని వివరాలు అడిగింది.

దీనికి నాలుగు వారాలు గడువు పెట్టుకో. ఆ నాలుగు వారాలూ పాప జాలీకి ఇవతలే ఉండాలి. పాప వయసెంతో నువ్వు రాయలేదు. చిన్నపిల్ల అయితే పుంజు ఎగిరిన ఎత్తుకి ముఖం అందుతుంది, అక్కడ మనం ప్రయోగాలు చేయకూడదు. పాపకి ఏడుపు ఆగాక చెప్పు, అది తనని మర్చిపోలేదు, తనని కోడి అనుకుంటోంది అని. నవ్వుతుంది.

నాలుగు వారాల్లో మార్పు రాకపోతే పసిపిల్లలు లేని ఇంటికి ఉన్న సంగతి దాచకుండా చెప్పి ఇచ్చెయ్యి. ఎవరూ తీసుకోకపోతే మీవారి మాటే వినాల్సి వస్తుంది. నేనూ రెండుసార్లు విన్నాను. అలాంటి పుంజు గుడ్లు మాత్రం పొదిగించకు, ఆ గుణం పిల్లలకీ వస్తుంది.

ప్రశ్న: అమ్మా, నేను రిటైర్డ్ టీచర్ని. బ్రాడీపేటలో పాత పెంకుటిల్లు మాది, మూడు వైపులా అపార్ట్‌మెంట్లు లేచాయి. కోళ్ళున్నాయి గానీ పిల్లలు దించడం లేదు. నా పుంజు తెల్లవారుజామున మూడున్నరకే కూత మొదలుపెడుతోంది. పక్క బిల్డింగు రెండో అంతస్తులో ఉండే కుర్రాడు రాత్రి షిఫ్టు సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. వచ్చి మర్యాదగానే అడిగాడు గానీ నాకు టెన్షన్‌గా ఉంది. మెడకి కట్టే పట్టీ ఒకటి ఆన్‌లైన్‌లో దొరుకుతోంది, అది కడితే కూత రాదట. కట్టమంటారా?
(ఒక పాఠకుడు, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: వద్దు మాస్టారూ. కోళ్ళకి మనలా చెమట పట్టదు. ఎక్కువగా నోరు తెరిచి వగరుస్తూనే ఒంట్లో వేడి బయటికి పంపుకుంటాయి. గుంటూరు ఎండల్లో, అందులోనూ రోహిణీ కార్తెలో, మెడకి పట్టీ బిగిస్తే ఎప్పుడేమవుతుందో చెప్పలేం. గింజలు తిని మెడ సంచి నిండినప్పుడు కూడా అది ఒరుసుకుంటుంది. కట్టినవాళ్ళున్నారు, బాగానే ఉందని చెప్పినవాళ్ళూ ఉన్నారు. నేను మాత్రం కట్టను.

పుంజు వెలుగు చూసి కూస్తుందని మనం అనుకుంటాం. అది సగమే నిజం. 2013లో జపాన్‌లోని నగోయా విశ్వవిద్యాలయం వాళ్ళు పుంజుల్ని ఎప్పుడూ ఒకేలా మసక వెలుతురుండే గదిలో పెట్టి చూశారు. బయట పగలో రాత్రో తెలియకపోయినా 24 గంటలకి కాస్త తక్కువలోనే మళ్ళీ కూత వేళ వచ్చేసేది. అంటే గడియారం దాని ఒంట్లోనే ఉంది. వెలుగు రావడానికి రెండు గంటల ముందే మొదలుపెట్టడం కూడా వాళ్ళు గమనించారు. మీ మూడున్నర లెక్క సరిగ్గా అదే. నా కోడీ కుంపటీ లేకపోతే ఊరికి తెల్లారదన్న ముసలమ్మని చూసి నవ్వుకుంటాం గానీ, కోడి దృష్టిలో మాత్రం ఆవిడ తప్పేమీ లేదు.

కాబట్టి కూత ఆగదు. చప్పుడు తగ్గించొచ్చు. ఒంట్లో గడియారం ఉన్నా, బయట చప్పుడుకీ, వెలుగుకీ, ఇంకో పుంజు గొంతుకీ కూడా అది బదులిస్తుంది. ముందు రాత్రి మూడింటికి లేచి గూటి దగ్గర నిలబడి చూడండి. వీధి దీపం నేరుగా గూటిలో పడుతోందా? అపార్ట్‌మెంటు వాళ్ళ నీళ్ళ మోటారు ఆ వేళకే ఆన్ చేస్తున్నారా? వెలుగు పడే వైపు తడక కట్టి గోనెసంచులు వేలాడదీయండి. పైనా, వెనకా గాలి ఆడే సందు వదలండి, ఎండాకాలంలో అది మరీ ముఖ్యం. గూడు ఆ కుర్రాడి కిటికీ వైపు ఉంటే మీ పడగ్గది గోడ వైపు మార్చండి. మీరెలాగూ నాలుగింటికి లేస్తారు కదా. తెల్లారి ఆరున్నర దాకా తలుపు తీయకండి. కప్పు తల తగిలేంత కిందికి దింపితే మెడ చాచలేక కూయదని కొందరు చెబుతారు. రాత్రంతా తల వంచుకుని నిలబడటం మనకెలా ఉంటుందో దానికీ అలాగే ఉంటుంది.

అసలు మీరు పిల్లలు దించడం లేదని రాశారు. గుడ్లకోసమే అయితే పుంజు ఎందుకు మాస్టారూ? పెట్ట పుంజు లేకపోయినా గుడ్డు పెడుతుంది. కూత వినాలని ఉంచుకున్నానంటే అది వేరే సంగతి, నాకూ అర్థమవుతుంది. అలాగైతే వారానికి అరడజను గుడ్లు రెండో అంతస్తుకి పంపండి. అది లంచం కాదు, ఇరుగుపొరుగు.

ప్రశ్న: పిన్నిగారూ, నల్లపాడులో మా తాతగారి స్థలంలో కోళ్ళు పెంచుతున్నాను. 3 పుంజులు, 6 పెట్టలు. మూడు పుంజులూ ఒకే పొదుగు పిల్లలు, ఎప్పుడూ కొట్టుకోలేదు. అందులో ఒకటి జాతి పుంజులా ఉంది. ఒకదానికి కాలికి దెబ్బ తగిలితే వారం రోజులు ఇంట్లో గంప కింద పెట్టి పసుపు రాశాను. తగ్గాక వదిలితే మిగతా రెండూ రక్తం వచ్చేలా పొడిచాయి. అన్నదమ్ములు కదా, వారంలో మర్చిపోతాయా?
(ఒక డిగ్రీ విద్యార్థి, నల్లపాడు, గుంటూరు)

జవాబు: మర్చిపోలేదు బాబూ, వరస మారిపోయింది. కోళ్ళలో ఎవరు ఎవర్ని పొడవొచ్చో ఒక వరస ఉంటుంది. 1920ల మొదట్లో దీన్ని పుస్తకానికెక్కించినవాడు నార్వే దేశస్థుడు, షెల్డెరుప్ ఎబ్బే. చిన్నప్పటి నుంచీ ఇంట్లో కోళ్ళని చూస్తూ, ఏది దేన్ని పొడిచిందో రాసుకుంటూ వచ్చాడట. ఆఫీసుల్లో పెకింగ్ ఆర్డర్ అంటుంటారే, ఆ మాట కోళ్ళ దగ్గర్నుంచి వచ్చిందే. మీ మూడోవాడు వారం కనబడలేదు. వాడి చోటు మిగతా ఇద్దరూ పంచేసుకున్నారు. తిరిగొచ్చినవాడు వాళ్ళకిప్పుడు కొత్త పుంజు. రక్తం కనబడితే ఇక ఆగవు, ఎర్రగా కనిపించిన చోటే పొడుస్తాయి. ముందు దాన్ని వేరు చెయ్యి. గాయం పూర్తిగా మానేదాకా కలపకు.

ఇంకోసారి ఇలా జబ్బు చేస్తే ఇంట్లోకి తేకుండా, ఆ పెరట్లోనే జాలీ అడ్డుపెట్టి, మిగతావాటికి కనబడేలా ఉంచు. కనబడుతూ ఉంటే చోటు అంత తొందరగా పోదు. కొత్తదాన్ని కలిపేటప్పుడూ ఇంతే, వారం రోజులు జాలీ మధ్యనుంచి చూసుకోనివ్వాలి.

కానీ నీ ఇబ్బంది అది కాదు. 6 పెట్టలకి 3 పుంజులు! మామూలుగా 8, 10 పెట్టలకి ఒక పుంజు చాలు. ఇన్నాళ్ళూ కొట్టుకోలేదంటే పిల్లలు కాబట్టి కొట్టుకోలేదు. ఒక ఒరలో రెండు కత్తులే ఇమడవు, నువ్వు మూడు దూర్చావు. అందులో ఒకటి జాతి పుంజులా ఉందని రాశావు. పందేలకి పెంచే అసీల్ జాతి రక్తమైతే మనిషి దగ్గర పిల్లిలా ఉంటుంది, ఇంకో పుంజు కనబడితే ప్రాణం పోయేదాకా ఆగదు. దాన్ని అసలు కలపొద్దు.

ఒకదాన్ని ఉంచుకో. ఏది ఉంచుకోవాలంటావు కదా? కుర్రాళ్ళందరూ అన్నిటికన్నా ఎత్తున్నదాన్ని, తోక మెరిసేదాన్ని ఉంచుకుంటారు. అలా చూడకు. సాయంత్రం పెట్టలు కాస్త ఎడంగా ఉన్నప్పుడు ఒక్కో పుంజునీ విడిగా వదిలి దాని ముందు ఒక చెదపురుగుల పెంకు పడెయ్యి. మంచి పుంజు గబగబా మింగదు. ఒక పురుగుని ముక్కుతో పట్టి ఎత్తుతుంది, కింద పడేస్తుంది, మళ్ళీ ఎత్తుతుంది. తల పైకీ కిందికీ ఆడిస్తూ "టుక్ టుక్ టుక్" అని గొంతులో గొణుగుతుంది. పెట్టలు పరిగెత్తుకొస్తాయి. అవి తింటుంటే పక్కన నిలబడి తల ఓరగా పెట్టి ఆకాశంకేసి చూస్తుంది. దొరబాబు అలా చూస్తూనే ఒకసారి గద్దని పసిగట్టాడు. సన్నగా ఒక్క కూత తీశాడు, అంతే. నేను పైకి చూసేలోపే 11 పెట్టలూ కరివేపాకు చెట్టు కింద ఉన్నాయి. కుక్కో ముంగిసో నేలమీద కనబడితే అరుపు వేరు, కటకటమని ఊరంతా వినబడేలా పెడుతుంది. పై ముప్పుకి ఒకటి, కింది ముప్పుకి ఒకటి. ఈ పని చేసే పుంజు దగ్గర చిన్నచిన్న తప్పులు నేను పట్టించుకోను.

పురుగులన్నీ తనే తిని, పెట్ట దగ్గరికొస్తే తరిమి మీదికెక్కే పుంజు ఎంత అందంగా ఉన్నా సంతకే. మిగిలిన రెండిటినీ అమ్మబుద్ధి కాకపోతే పెట్టలు కంటికి కనబడని చోట వాటిని విడిగా పెట్టు. పెట్టలు లేకపోతే పుంజులు చాలావరకు సర్దుకుంటాయి. జాతి పుంజుకి మాత్రం అక్కడా వేరే గదే.

ప్రశ్న: ఆంటీ, నా దగ్గర 4 వనరాజ రకం పెట్టలు, ఒక పుంజు ఉన్నాయి. ఒక పెట్టకి వీపు మీద ఈకలన్నీ ఊడి చర్మం కనబడుతోంది. మిగతా మూడూ బాగానే ఉన్నాయి. పేలు పట్టాయంటారా?
(ఒక పాఠకురాలు, తాడేపల్లి)

జవాబు: పేలైతే ఒక్క పెట్టకే, ఒక్క వీపు మీదే ఆగవమ్మా. అయినా రాత్రి టార్చి వేసి రెక్కల కింద, తోక మొదట్లో ఈకలు విడదీసి చూడు. మామూలుగా ఈకలు రాల్చే కాలమైతే మెడ మీద, ఒంటి మీద అంతా పలచబడతాయి. వీపు నడుమా, తలవెనకా మాత్రమే పోయాయంటే అది పుంజు పని. పెట్ట మీదికెక్కినప్పుడు కాళ్ళతో వీపు గీరుతుంది, ముక్కుతో తలవెనక ఈకలు పట్టుకుంటుంది. వాటిలో ఆ పెట్టంటే దానికి ఇష్టం, అంతే. నలుగురిలో ఒకదానికే అంత ప్రేమ ఎక్కువైతే ఇలాగే ఉంటుంది.

పెట్టకి చొక్కా కుట్టు. నవ్వకు, మా దర్జీ కూడా నవ్వాడు ముందు. జానెడు పొడవున్న దళసరి నూలు గుడ్డ, పాత జాకెట్ ముక్క రెండు మడతలు చేసినా సరిపోతుంది. మెడ దగ్గర సన్నగా, తోక దగ్గర వెడల్పుగా కత్తిరించి, రెండు పక్కలా రెక్కలు దూర్చడానికి ఎలాస్టిక్ కుట్టించు. బిగుతుగా ఉండకూడదు, వేలు దూరాలి. మొదటిరోజు పెట్ట కొత్త చీర కట్టినదానిలా వెనక్కి వెనక్కి నడుస్తుంది, తర్వాత మర్చిపోతుంది. వారానికోసారి విప్పి కింద పేలు చేరాయేమో చూడు. మండు వేసవిలో మాత్రం మధ్యాహ్నం పూట చొక్కా విప్పేసి, పుంజుని గంప కింద కమ్ము.

పుంజు కాలి ముల్లు మొన కూడా చూడు. సూదిగా ఉంటే రాత్రిపూట ఒకరు పట్టుకోగా ఆకురాయితో కొన మాత్రం రాయి. మొన మొద్దుబారితే చాలు. లోపల ఎముక, రక్తం ఉంటాయి. ఉడికించిన వేడి బంగాళాదుంప గుచ్చి పైతొడుగు ఊడదీసే చిట్కా ఒకటి తిరుగుతోంది. కాళ్ళు కాలిన పుంజుని మా ఆయన ఆసుపత్రిలో చూశారు, దాని జోలికి పోకు.

చర్మం చిరిగి ఉంటే ముందు గాయం మాననివ్వు. పూర్తిగా ఊడిన చోట కొన్ని వారాల్లో కొత్త ఈక వస్తుంది. మధ్యలో విరిగిన ఈక మాత్రం తర్వాతసారి ఈకలు రాల్చేదాకా అలాగే ఉంటుంది, కంగారుపడకు. వీలైతే ఇంకో నాలుగు పెట్టల్ని తెచ్చుకో.

ప్రశ్న: పుంజుని అమ్మేశాం. ఇంకెన్నాళ్ళు పొదిగే గుడ్లు వస్తాయి?
(ఒక పాఠకుడు, కానూరు, విజయవాడ)

జవాబు: రెండు వారాల దాకా నమ్మొచ్చు. పెట్ట ఒంట్లో అన్నాళ్ళు బీజం నిలవ ఉంటుంది. ఆ తర్వాతవి అట్లు వేసుకోండి.

ప్రశ్న: అక్కా, మా డేగ పుంజుని సంక్రాంతికి ఇమ్మని ఒకాయన మంచి రేటు చెబుతున్నాడు. కత్తి కట్టకుండా ఊరికే ఆడిస్తాడట. ఇవ్వమంటావా?
(ఒక పాఠకుడు, గొల్లపూడి, విజయవాడ)

జవాబు: తమ్ముడూ, ఊరికే ఆడించడానికి ఎవరూ అంత రేటు పెట్టరు, నీకూ తెలుసు. కత్తి కట్టినా కట్టకపోయినా జంతువుల్ని కొట్లాటకి ఉసిగొల్పడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం ప్రకారం నేరం. బరి దగ్గర డబ్బు కడితే 1974 ఆంధ్రప్రదేశ్ జూద చట్టం కూడా ఉంది. ఏటా ఏం జరుగుతుందో నేనూ చూస్తున్నాను, నీకు నీతులు చెప్పను. నా దొరబాబుని మాత్రం మూడుసార్లు అడిగారు, మూడుసార్లూ కాఫీ ఇచ్చి పంపించేశాను.

ప్రశ్న: పిన్నిగారూ, మాది అజిత్‌సింగ్ నగర్. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి మా కోళ్ళన్నీ పోయాయి. డాబా మీదికి ఎక్కించిన రెండు పెట్టలే మిగిలాయి. అందులో పెద్దది ఈమధ్య పుంజులా కూస్తోంది. పెట్ట కూస్తే ఇంటికి అరిష్టమని మా అత్తగారు పట్టుబట్టారు, వెంటనే పంపించెయ్యమంటున్నారు. వరదలో మిగిలినదాన్ని ఎలా పంపను?
(ఒక గృహిణి, అజిత్‌సింగ్ నగర్, విజయవాడ)

జవాబు: అమ్మాయ్, వరద వచ్చాక కూసింది గానీ కూశాక వరద రాలేదు కదా. ఈ మాట అత్తగారితో నేనన్నానని చెప్పు, నీ మీద కోప్పడరు.

పెట్ట కూయడానికి రెండు కారణాలు నాకు తెలుసు. గుంపులో పుంజు లేనప్పుడు పెద్ద పెట్ట ఒక్కోసారి ఆ పెద్దరికం తీసుకుంటుంది. ముందు నడుస్తుంది, కాపలా కాస్తుంది, గొంతు కూడా తీస్తుంది. రెండోది ఒంట్లో మార్పు. కోడికి ఎడమవైపు అండాశయం ఒక్కటే పనిచేస్తుంది. ముసలితనం వల్లో జబ్బు వల్లో అది పాడైతే, కుడివైపు ఎదగకుండా ఉండిపోయినది పెరిగి మగ హార్మోన్ తయారు చేయొచ్చు. అప్పుడు తల మీది ఎర్రజుట్టు పెద్దదవుతుంది, కాలికి ముల్లు వస్తుంది, కూత వస్తుంది. మీ పెట్ట ఇంకా గుడ్డు పెడుతోందా లేదా చూడు. పెడుతుంటే మొదటి కారణమే. గుడ్డు మానేసి, ముడుచుకుని కూర్చుంటూ, పొట్ట ఉబ్బుగా ఉంటే పశువుల డాక్టరుకి చూపించు. హుషారుగా తిరుగుతుంటే వదిలెయ్యి.

మా అత్తగారి కాలంలో మా ఇంట్లోనూ ఒక పెట్ట కూసింది. ఆవిడ శాంతి చేయించమన్నారు. మా మామగారు సరే సరే అంటూ రోజులు గడిపేశారు. ఆ పెట్ట ఇంకో రెండేళ్ళు బతికింది. పొద్దున్నే దాని కూత విని అత్తగారే లేచి పొయ్యి రాజేసేవారు. కూత బొంగురుగా, సగంలో విరిగిపోయినట్టు ఉండేది. గుడ్డు మాత్రం మళ్ళీ పెట్టలేదు.